బరువు మీద బిగింపు

కారుకూ నేలకూ తాకిడి నాలుగే చోట్ల. ఒక్కో టైరు రోడ్డును పట్టుకునే మేర అరచేతికి కాస్త అటూ ఇటూ. వేగం అందుకోవడం, బ్రేకు వేయడం, మలుపు తిరగడం అన్నీ ఆ కాస్త జాగా మీదుగానే జరగాలి. గుంట వచ్చినా గతుకు వచ్చినా టైరును నేల విడవనీయకుండా అదిమి పెట్టడం ఒక పని. ఆ కుదుపు లోపల కూర్చున్నవాళ్ళ నడుముల దాకా పాకకుండా మధ్యలోనే ఆపడం మరో పని. ఈ రెంటినీ చేసేది సస్పెన్షన్. కుటుంబాలు తిరిగే కార్లలో రెండో పనికి పెద్దపీట వేస్తారు, స్పోర్ట్స్ కారులో మొదటిదానికి. అందుకే స్పోర్ట్స్ కారులో సస్పెన్షన్ భాగం ఒక్కటి సడలినా నడిపేవారి చేతికి ముందుగా తెలిసిపోతుంది. ఆ భాగాలను ఇంట్లోనే విప్పి, మార్చి, తిరిగి బిగించడం చాలా దేశాల్లో తీరిక వేళల విద్యగా స్థిరపడింది. కండబలం కంటే క్రమం ఎక్కువ అడిగే విద్య అది. అందులోని నియమాలన్నీ చివరికి ఒక్క సూత్రానికి వచ్చి చేరతాయి: ఏ భాగం ఎంత బరువు మోయాలో, ఆ బరువు దాని మీద ఉండగానే దాన్ని చివరిగా బిగించాలి.

ఈ విద్యకు అనువుగా దొరికిన కార్లలో ముందు చెప్పుకోవలసింది మాజ్దా ఎంఎక్స్-5. 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో దీన్ని తొలిసారి జనానికి చూపించారు. అమెరికాలో దీని పేరు మియాటా. 1962లో వచ్చిన లోటస్ ఎలాన్ వంటి బ్రిటిష్ రెండు సీట్ల కార్ల తేలికదనం మళ్ళీ రావాలన్న ఆలోచనకు బీజం వేసినవాడు బాబ్ హాల్ అనే అమెరికన్ ఆటోమొబైల్ జర్నలిస్టు. ఆ ఆలోచనను కారుగా నిలబెట్టిన బృందానికి నాయకుడు తోషిహికో హిరాయ్. ముందు 1.6 లీటర్ల ఇంజిన్, నడిచేది వెనక చక్రాల బలంతో, మొత్తం బరువు 950 కిలోల దరిదాపు. 2016 ఏప్రిల్ నాటికి అన్ని తరాలూ కలిపి పది లక్షల కార్లు తయారయ్యాయి. మన దేశంలో మాజ్దా ఈ కారును అమ్మలేదు. తెలుగువాళ్ళకు ఇది తారసపడేది అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఇంటి పక్క గరాజులో. మొదటి తరం కార్లలో చాలావాటికి ఇప్పుడు ముప్పై ఏళ్ళు దాటాయి. వాటి ఇంజిన్లు ఇంకా తిరుగుతున్నాయి గానీ, చక్రాల దగ్గరి రబ్బరు మాత్రం ముసలిదైపోయింది.

ఈ కారు నాలుగు చక్రాలకూ డబుల్ విష్‌బోన్ అమరికే. చక్రాన్ని మోసే లోహపు దిమ్మను నకిల్ అంటారు. దాన్ని పైన ఒక ఆర్మ్, కింద ఒక ఆర్మ్ పట్టుకుని ఉంటాయి. పై ఆర్మ్ పొట్టి, కిందిది పొడుగు. ఆ తేడాలోనే ఉంది నేర్పంతా. మలుపులో కారు పక్కకు ఒరిగినప్పుడు బరువు పడిన వైపు చక్రం పైకి లేస్తుంది. ఆర్మ్‌లు రెండూ సమానమైతే చక్రం కూడా కారుతో పాటే ఒరిగిపోయి టైరు అంచు మీద నిలబడుతుంది. పై ఆర్మ్ పొట్టిగా ఉంటే చక్రం పైభాగం లోపలికి వాలి, టైరు నేలకు వీలైనంత చదునుగా ఆనుతుంది. 1934లో కాడిలాక్ కార్లకు ముందు చక్రాల స్వతంత్ర సస్పెన్షన్ రావడం వెనక ఉన్న మారిస్ ఆలీ వంటి ఇంజనీర్లు ఈ లెక్కలను శాస్త్రంగా మలిచారు.

ఆర్మ్‌ల మధ్యగా నిలువునా నిలబడేవి స్ప్రింగు, దాని నడుమ షాక్ అబ్జార్బర్. ఎంత బరువు వేస్తే స్ప్రింగు అంత కుంగుతుందన్న నియమాన్ని రాబర్ట్ హుక్ 1678లో ప్రకటించాడు. కుంగిన స్ప్రింగు తిన్న శక్తినంతా తిరిగి ఇచ్చేస్తుంది. దాన్ని దాని మానాన వదిలేస్తే ఒక్క గుంటకు కారు పదిసార్లు ఊగుతుంది. ఆ ఊపును అణచడానికే షాక్ అబ్జార్బర్. దానిలోని నూనె సన్నని దారుల గుండా బలవంతంగా దూరుతూ కదలికను వేడిగా మార్చేస్తుంది. ఎడమ కుడి చక్రాలను కలుపుతూ అడ్డంగా ఉండే ఉక్కు కడ్డీ యాంటీ రోల్ బార్. ఒక పక్క చక్రం లేచినప్పుడు అది మెలిపడి, కారు ఒరుగుడును తగ్గిస్తుంది.

ఇక ఆర్మ్‌లు కారు చట్రానికి తగిలే ప్రతి కీలులోనూ ఒక రబ్బరు బుష్ ఉంటుంది. ఈ కారులో అలాంటివి చాలానే ఉన్నాయి. బుష్ కట్టుబడి చూడటానికి చాలా సాదా. వెలుపల ఒక లోహపు గొట్టం, లోపల ఇంకో సన్నని గొట్టం, రెంటికీ అంటుకుపోయిన రబ్బరు మధ్యలో. లోపలి గొట్టం గుండా బోల్టు దూరుతుంది. మోకాలి గుజ్జు ఎలాంటిదో కారుకు బుష్ అలాంటిది: ఉన్నంతకాలం దాని ఊసే ఉండదు, అరిగాక ప్రతి అడుగులోనూ తెలుస్తుంది.

రబ్బరు వాడకంతోనే అరగదు, వయసుతో కూడా చెడుతుంది. ఎండ వేడికి గట్టిపడుతుంది, గాలిలోని ఓజోన్‌కు పగుళ్ళు తీస్తుంది, ఇంజిన్ ఆయిల్ కారితే ఉబ్బి మెత్తబడుతుంది. కారు ఏడాదికి వెయ్యి కిలోమీటర్లే తిరిగినా ముప్పై ఏళ్ళ రబ్బరు ముప్పై ఏళ్ళ రబ్బరే. లక్షణాలు ఒక్కొక్కటిగా బయటపడతాయి. స్పీడ్ బ్రేకర్ మీద కింద ఎక్కడో టక్కుమన్న చప్పుడు. తిన్నని రోడ్డు మీద కూడా స్టీరింగును చిన్నగా సరిచేస్తూ ఉండాల్సి రావడం. టైర్ల లోపలి అంచు ముందే అరిగిపోవడం. బ్రేకు వేస్తే ముక్కు ఒక పక్కకు లాగడం. షాక్ అబ్జార్బర్ ఒంటి మీద నూనె తడి కనిపిస్తే లోపలి సీలు పోయినట్టే. చక్రాన్ని గాలిలోకి లేపి పైనా కిందా పట్టుకుని ఊపితే కదలిక ఉందంటే ఆర్మ్‌ను నకిల్‌కు కలిపే బాల్ జాయింటో, చక్రపు బేరింగో సడలింది. ఆర్మ్‌కూ చట్రానికీ మధ్య గడ్డపారలాంటి కడ్డీ పెట్టి కాస్త తెమల్చి చూస్తే ఏ బుష్ చిరిగిందో తేటతెల్లమవుతుంది.

ఇంట్లో ఈ పని ఎందుకు చేసుకోవాలన్న ప్రశ్నకు అందరూ చెప్పే జవాబు ఖర్చు. అమెరికాలో, బ్రిటన్‌లో మెకానిక్ కూలి గంటల లెక్కన పడుతుంది, పాత కారుకు అంత పెట్టడం చాలామందికి గిట్టదు. అంతకంటే బలమైన కారణం మరొకటి ఉంది. ఈ పనికి కావలసిన ముఖ్యమైన సరుకు సమయం. తుప్పు పట్టిన బోల్టుకు నూనె పోసి ఒక రాత్రంతా ఊరనివ్వడం గంటల లెక్కన నడిచే షెడ్డుకు సాధ్యం కాదు. అక్కడ మంట పెట్టి వేడి చేస్తారు, లేదా కోసేస్తారు. ఇంట్లో ఆ తొందర ఉండదు. మరలను బ్రష్షుతో రుద్దడం, ప్రతి బోల్టునూ ఏ రంధ్రంలోంచి వచ్చిందో రాసిపెట్టుకోవడం, సందేహం వస్తే ఆగి మాన్యువల్ చదవడం అన్నీ కుదురుతాయి. తీరిక ఉన్న చేతికి తప్పు చేసే అవకాశం తగ్గుతుంది. పైగా బిగించిన చేతులే రేపు ఆ స్టీరింగు పట్టుకుంటాయి కాబట్టి, కంటికి కనపడని నట్టు విషయంలో కూడా అలసత్వం రాదు.

పనికి మొదటి మెట్టు కొలత. చక్రం ఇరుసు నడిమధ్య నుంచి పైన ఫెండర్ అంచు దాకా ఎంత ఎత్తు ఉందో, కారు సమతలం మీద తన కాళ్ళ మీద నిలబడి ఉండగానే నాలుగు చోట్లా కొలిచి రాసుకోవాలి. ఈ నాలుగు అంకెల విలువ చివర్లో తెలుస్తుంది.

రెండో మెట్టు ఎత్తడం. ఇందులో రాజీకి తావు లేదు. నేల గట్టిగా, సమంగా ఉండాలి. కాంక్రీటు మేలు. ఎండకు మెత్తబడే తారు మీదైతే స్టాండ్ల కింద దళసరి చెక్క పలకలు వేయాలి. నేల మీద మిగిలే చక్రాలకు అడ్డుకట్టలు పెట్టాలి. ఎంఎక్స్-5ని ముందు వైపు అడ్డు దూలం నడుమ, వెనక వైపు డిఫరెన్షియల్ కింద జాకీ పెట్టి లేపుతారు. స్టాండ్లను పక్క అంచున గట్టిపరిచిన చోట్ల నిలబెడతారు. హైడ్రాలిక్ జాకీ లేపడానికి మాత్రమే, నిలబెట్టడానికి కాదు. దానిలోని సీలు ఒక్కటి జారితే కారు క్షణంలో కిందికి వస్తుంది. స్టాండ్ల మీద నిలిపాక కారును పక్కల నుంచి గట్టిగా నెట్టి చూడాలి, కదిలేదైతే అప్పుడే కదలాలి. విప్పిన చక్రాలను కారు అంచుల కింద పడుకోబెట్టడం మంచి అలవాటు. స్టాండు తప్పినా మనిషికి ఖాళీ మిగులుతుంది.

విప్పడం మొదలయ్యాక అసలు శత్రువు తుప్పు. చలికాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లే అమెరికా ఉత్తరాది రాష్ట్రాల్లో, కెనడాలో తిరిగిన కార్లకు ఈ బాధ మరీ ఎక్కువ. కాలిఫోర్నియా పొడిగాలిలో పెరిగిన కారు బోల్టు పానా తగలగానే వదులుతుంది. మిషిగన్ కారుది మాత్రం బుష్ లోపలి గొట్టంతో ఏకమై కూర్చుంటుంది. ఎంఎక్స్-5 కింది ఆర్మ్‌ల లోపలి కీళ్ళలో, చక్రానికి రెండేసి చొప్పున మొత్తం ఎనిమిది, చక్రాల వాలును సరిదిద్దే కేంద్రం తప్పిన బోల్టులు ఉన్నాయి. తల తిప్పితే ఆర్మ్ ఇటో అటో జరుగుతుంది. పట్టేసేవి ఎక్కువగా ఇవే. వీటిని విప్పే ముందు తల దగ్గరి గీతలు ఎక్కడున్నాయో రంగుతో గుర్తు పెట్టుకోవాలి. తిరిగి బిగించినప్పుడు కారు కనీసం అలైన్‌మెంట్ షెడ్డు దాకా తిన్నగా వెళ్ళాలంటే ఆ గుర్తులే ఆధారం. బోల్టు ఎంతకీ రాకపోతే గొట్టానికి ఇరుపక్కలా రంపంతో కోసేసి కొత్తది వేయడం తప్పదు. అందుకే అనుభవం ఉన్నవాళ్ళు పని మొదలుపెట్టక ముందే కొత్త బోల్టులు తెప్పించి పెట్టుకుంటారు.

మరికొన్ని జాగ్రత్తలు చిన్నవిగా కనిపిస్తాయి, ఫలితం మాత్రం పెద్దది. బ్రేక్ క్యాలిపర్‌ను విప్పితే గొట్టానికి వేలాడదీయకూడదు, తీగతో చట్రానికి కట్టాలి. యాంటీ రోల్ బార్ లింకులను ఒక పక్కే విప్పితే రెండో పక్క చక్రం బరువుకు కడ్డీ మెలిపడి ఉంటుంది, అందుకని రెండు పక్కలా విప్పాకే ఆర్మ్ మీద చేయి వేయాలి. బాల్ జాయింట్‌ను ఊడదీయడానికి మరతో నొక్కే పరికరం వాడాలి. రెండు కొమ్ముల పారను సుత్తితో దిగగొడితే పని త్వరగా అవుతుంది గానీ రబ్బరు తొడుగు చిరుగుతుంది, చిరిగిన తొడుగులోకి ఇసుక చేరి కొత్త జాయింట్‌ను కూడా తినేస్తుంది. బాల్ జాయింట్ నట్టుకు పిన్ను పెట్టేటప్పుడు గాడి కలవకపోతే నట్టును ముందుకే బిగించి కలపాలి, వెనక్కి వదలకూడదు. తీసిన పిన్నును మళ్ళీ వాడకూడదు.

స్ప్రింగును షాక్ అబ్జార్బర్ నుంచి వేరు చేయడం ఈ పనంతటిలోకీ ప్రమాదకరమైన ఘట్టం. లెక్క చూస్తే కారణం అర్థమవుతుంది. మిల్లీమీటరుకు 30 న్యూటన్ల బిగువున్న స్ప్రింగును 100 మి.మీ. అణిచిపెడితే అది 3,000 న్యూటన్లతో, అంటే 300 కిలోల పైచిలుకు బరువుతో సమానమైన బలంతో తన్నుతూ ఉంటుంది. దాచుకున్న శక్తి 150 జౌళ్ళు. 15 కిలోల దిమ్మ మీటరు ఎత్తు నుంచి మీద పడితే తగిలే దెబ్బ అంతే. స్ప్రింగ్ కంప్రెసర్ కొక్కేలు ఎదురెదురుగా, చుట్టలకు పూర్తిగా తగిలేలా పెట్టి, రెండింటినీ కాస్త కాస్త మార్చి మార్చి బిగించాలి. స్ప్రింగు పైపళ్ళెం నుంచి వదులై చేతికి ఆడుతున్నదని తేలాకే పై నట్టు మీద పానా పెట్టాలి. ముఖం స్ప్రింగు వరుసలో ఎప్పుడూ ఉండకూడదు. కంప్రెసర్ మరలు అరిగి ఉంటే, మనసులో ఏ మూలైనా శంక ఉంటే, ఈ ఒక్క ముక్కనూ షెడ్డుకు తీసుకెళ్ళి చేయించుకోవడం వివేకం. షాక్ అబ్జార్బర్లను, స్ప్రింగులను ముందు రెండూ కలిపి, వెనక రెండూ కలిపి జతలుగానే మార్చాలి. ఒక పక్క కొత్తది, ఒక పక్క పాతది ఉన్న కారు గతుకు గతుకుకూ ఒక వైపుకు తిరగాలని చూస్తుంది.

పాత బుష్‌ను ఆర్మ్ నుంచి నెట్టడానికి పెద్ద ప్రెస్ ఉంటే సులువు. లేకపోతే పొడవాటి మరకడ్డీ, దళసరి వాషర్లు, తగిన కొలత గొట్టపు ముక్క చాలు. ఒక పక్క నట్టు తిప్పుతుంటే బుష్ అటు పక్క గొట్టంలోకి నెమ్మదిగా దిగుతుంది. కొత్త బుష్ దగ్గర ఒక ఎంపిక ఎదురవుతుంది. రబ్బరా, పాలీయూరిథేనా? పాలీయూరిథేన్ గట్టిది, చాలాకాలం మన్నుతుంది, స్టీరింగు తిప్పగానే కారు చురుగ్గా స్పందిస్తుంది. రబ్బరులా మెలిపడదు, గ్రీజు పూసిన లోపలి గొట్టం మీద తిరుగుతుంది. గ్రీజు ఎండితే కీచుమంటుంది, రోడ్డు గరుకుదనాన్ని లోపలికి ఎక్కువ పంపుతుంది. రేసు ట్రాక్‌కు అది తగును. రోజూ రోడ్డు మీద తిరిగే కారుకు, ఇంజనీర్లు మొదట ఉద్దేశించిన నడక కావాలనుకునేవారికి మంచి రబ్బరే మేలు.

రబ్బరు బుష్ వేసినప్పుడు మొదట చెప్పిన సూత్రం పూర్తి బలంతో ముందుకు వస్తుంది. బోల్టు బిగిస్తే బుష్ లోపలి గొట్టం చట్రపు చెవుల మధ్య నొక్కుకుని కదలకుండా నిలిచిపోతుంది. ఆ తర్వాత ఆర్మ్ పైకీ కిందికీ కదలడమంటే మధ్యలోని రబ్బరు మెలిపడటమే. బిగించిన క్షణంలో ఆర్మ్ ఏ కోణంలో ఉందో, అదే ఆ రబ్బరుకు విశ్రాంతి స్థానం. కారు స్టాండ్ల మీద ఉండి చక్రం వేలాడుతుండగా బిగించేస్తే ఆ వేలాడే స్థానమే విశ్రాంతి అవుతుంది. కారును కిందికి దింపగానే ఆ బుష్‌లన్నిటిలో రబ్బరంతా మెలిపడి, పార్కింగులో నిలబడి ఉన్నప్పుడు కూడా మెలిపడే ఉంటుంది. పైకి లేచే గతుకులో ఆ మెలి ఇంకా పెరుగుతుంది. అలాంటి రబ్బరు త్వరగా చిరుగుతుంది. అంతదాకా కూడా కారు ఉండాల్సిన ఎత్తు కంటే కాస్త పైకి నిక్కి, నడక బిరుసుగా ఉంటుంది. కొత్త భాగాలు వేసినా బాగుపడలేదని వాపోయేవారిలో కొందరి కష్టానికి మూలం ఇక్కడే.

అందువల్ల కీళ్ళ బోల్టులన్నిటినీ ముందు చేతి బిగువుకే తెచ్చి వదలాలి. కారును చక్రాల మీద దింపి, ముందుకూ వెనక్కూ కాస్త నడిపి, నాలుగు మూలలా నొక్కి కుదురుకోనివ్వాలి. అప్పుడు టార్క్ రెంచితో చివరి బిగింపు. స్పోర్ట్స్ కారు నేలకు దగ్గరగా ఉంటుంది కనుక కిందికి దూరడం కష్టం. చక్రాల కింద ర్యాంపులు పెట్టడం ఒక దారి. స్టాండ్ల మీదే ఉంచి, నకిల్ కింద జాకీ పెట్టి, మొదట రాసుకున్న ఇరుసు–ఫెండర్ ఎత్తు వచ్చేదాకా చక్రాన్ని లేపి బిగించడం మరో దారి. స్ప్రింగులు కూడా మార్చి ఉంటే పాత అంకె పనికిరాదు, కొత్త ఎత్తును దింపి చూసుకోవాలి. ఎంత బిగించాలన్నది మాన్యువల్ చెబుతుంది. మొదటి తరం ఎంఎక్స్-5 చక్రాల నట్లకు తయారీదారు చెప్పిన బిగువు 89 నుంచి 118 న్యూటన్ మీటర్లు. బోల్టు బిగించడమంటే దాన్ని కొద్దిగా సాగదీయడం. తక్కువైతే వదులవుతుంది, ఎక్కువైతే మర పోతుంది. చేతి అంచనాను నమ్మరాదు.

మిగిలింది అలైన్‌మెంట్. కారుకు ఇరుపక్కలా సమాంతరంగా దారాలు కట్టి, రిమ్ము ముందు అంచు, వెనక అంచు దారానికి ఎంత దూరంలో ఉన్నాయో కొలిస్తే చక్రాలు లోపలికి చూస్తున్నాయో బయటికి చూస్తున్నాయో తెలుస్తుంది. తూకపు దారం వేలాడదీసి రిమ్ము పై అంచుకూ కింది అంచుకూ తేడా చూస్తే వాలు తెలుస్తుంది. 14 అంగుళాల చక్రానికి ఆరేడు మిల్లీమీటర్ల తేడా అంటే సుమారు ఒక డిగ్రీ. సర్దుబాటు వెనక చక్రాలతో మొదలుపెట్టి ముందుకు రావాలి, వాలు ముందు సరిచేసి చూపు తర్వాత సరిచేయాలి. ఈ ఇంటి కొలతలు కారును షెడ్డు దాకా క్షేమంగా చేరుస్తాయి. అక్కడి యంత్రం మీద చివరి సర్దుబాటు చేయించుకోవడం మంచిది. కొంత దూరం తిరిగాక ప్రతి నట్టునూ మరోసారి రెంచితో సరిచూడాలి.

సమమైన గట్టి నేల, నమ్మకమైన స్టాండ్లు, టార్క్ రెంచి, మాన్యువల్, తొందరలేని రెండు మూడు రోజులు ఉన్నవారికి ఇది చేయదగిన పని. వీటిలో ఒక్కటి లేకపోయినా చేయకూడని పని. బరువు మీద బిగింపు సూత్రం ఎంఎక్స్-5కే పరిమితం కాదు. గుంటూరులోనో వరంగల్‌లోనో తిరిగే చిన్న కారు లోయర్ ఆర్మ్‌లోనూ అదే రబ్బరు, అదే గొట్టం, అదే మెలి. షెడ్డులో బుష్‌లు వేయించేవారు మెకానిక్‌ను ఒక్క మాట అడగాలి: చివరి బిగింపు చక్రాలు నేల మీద ఉండగానే వేయండి. పది నిమిషాల పని ఎక్కువ. బుష్‌లు మాత్రం వాటి పూర్తి ఆయుష్షు బతుకుతాయి.